మొదటి తట్ట కుక్కకే

మా మేనత్త పోయిందని పలమనేరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను తిరుపతిలో మా వంటింట్లో, పండక్కి అచ్చుతో నూనెలో వేసే గులాబీ పూలకు పిండి కలుపుతున్నాను. క్రిస్మస్ నెల. పక్క గదిలో మా ఆయన, కూతురు కాగితం నక్షత్రంలో బల్బు బిగించలేక ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. ఫోన్ చేసింది మా బావ, అంటే అత్త కొడుకు. "అమ్మ లేదు మే. పాలు పిండుకోనొచ్చి మెట్టు మీద కూసున్నది, అట్నే గోడకు ఒరిగిపోయింది" అన్నాడు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అబద్ధం ఆడకూడదు. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, భయం. ఆవిడ లేని ఆ ఇంట్లోకి నేను అడుగు పెట్టేదెలా? ఆ ఇంట్లో కుక్క ఉంది. ఇన్నేళ్ళూ నాకూ ఆ ఇంటి కుక్కలకూ మధ్య నిలబడింది అత్త ఒక్కతే.

నాది మామూలు భయం కాదు. చిన్నప్పుడు పాకాలలో బడి నుంచి వస్తుంటే వీధికుక్క నా పిక్క పట్టుకుంది. బొడ్డు చుట్టూ సూదులు పొడిచే కాలం అది. నా కేకలకు ఆ ఆసుపత్రిలో పురిటికి వచ్చినవాళ్ళు కూడా బెదిరిపోయారని అమ్మ చెప్పేది. సూది వేసే రోజున నన్ను ఒళ్ళో అదిమి పట్టుకోవడానికి అత్త పలమనేరు నుంచి బస్సెక్కి వచ్చేది. అందరూ "ఏడవద్దు, ఏడవద్దు" అంటుంటే ఆవిడ మాత్రం, "అరువు మే, గట్టిగా అరువు. డాక్టరు కూడా బెదరల్ల" అనేది. డాక్టరు గుర్రుగా చూసేవాడు. ఆవిడ పట్టించుకునేది కాదు.

ఏటా క్రిస్మస్‌కు మేమంతా అత్త ఇంటికే చేరేవాళ్ళం. పలమనేరులో డిసెంబరు చలి ఎలా ఉంటుందో అక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. చీర మీద మామ పాత స్వెట్టరు, చెవులకు మఫ్లరు, కాళ్ళకు రబ్బరు చెప్పులు, ఇదీ అత్త పండగ వేషం. కొత్తచీర కట్టుకున్నా దాని మీద ఆ స్వెట్టరే. కొట్టంలో రెండావులు, గడపలో ఎప్పుడూ ఒక కుక్క. ఒకటి పోతే ఇంకొకటి వచ్చేది. ఏదీ కొన్నది కాదు, ఎక్కడో ఎవరో వదిలేసినవే. మనుషులతో తెలుగు మాట్లాడేది, కుక్కలతో అరవం మాట్లాడేది, ప్రార్థన మాత్రం రెండూ కలిపి చేసేది. వాళ్ళమ్మది, అంటే మా నాయనమ్మది, అరవదేశంలో గుడియాత్తం వైపు ఊరు లెండి.

ఆ ఇంట్లో పండగకు ఒక పద్ధతి ఉండేది. క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నానికి వంట అయిపోతుంది. కోడికూర, సంగటి, పాయసం అన్నీ ఘుమఘుమలాడుతుంటాయి. అయినా మనుషులెవరూ ముద్ద ముట్టకూడదు. మొదటి తట్ట కుక్కకు పోవాలి. పళ్ళాన్ని మా వైపు తట్ట అంటాం. మెత్తగా పిసికిన సంగటి, మీద ఎముకల్లేని నాలుగు ముక్కలు, కాస్త చారు. అత్త అరచేతి వెనకవైపు ఆనించి చూసి, వేడి పూర్తిగా తగ్గితేనే పెట్టనిచ్చేది.

"దేవుడు పుట్టింది యాడ? గొడ్ల కొట్టంలో. రాజులూ గీజులూ అందరూ తర్వాత వచ్చినోళ్ళు. ముందు సూసింది ఆడుండే నోరులేని జీవాలు. అందుకే కూడు కూడా ముందు వాటికే" అనేది.

ఒకసారి చర్చి అయ్యగారు భోజనానికి వచ్చి, ఆకలి మీద ఉన్నారో ఏమో, "కొట్టంలో కుక్క ఉన్నట్టు బైబిల్లో యాడా లేదే అమ్మా" అన్నారు.

"గొల్లోళ్ళు వచ్చినారని ఉండాది గదా అయ్యగారూ. గొల్లోళ్ళొస్తే కుక్క రాకుండా ఉంటాదా?" అంది అత్త. అయ్యగారు నవ్వి, కుక్క తినేదాకా బుద్ధిగా కూర్చున్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. నా ప్రాణం మీదికి వచ్చింది రెండో నియమం. ఆ తట్ట ఎవరు పెట్టాలి? ఇంట్లో కుక్కంటే అందరికన్నా ఎక్కువ భయపడేవాళ్ళు పెట్టాలి. సూదుల సంవత్సరం నుంచీ ఆ పదవి నాదే. దాన్ని నా నుంచి లాక్కునేవాళ్ళు మా వంశంలో పుట్టలేదు.

మొదటిసారి పెట్టిన రోజు ఇప్పటికీ కలలోకి వస్తుంది. అత్త నా వెనక నిలబడి రెండు భుజాలూ పట్టుకుంది. తట్ట నా చేతుల్లో గలగలలాడుతోంది. కుక్క తోక ఊపుకుంటూ లేచింది. లేచిందో లేదో, నేను తట్ట అక్కడే వదిలేసి పరుగో పరుగు. పోయి పోయి పేడ గుంతలో పడ్డాను, కొత్త గౌనుతో సహా. నాయన పరుగున వచ్చి, "పసిదాన్ని ఎందుకక్కా బెదరగొడతావు? భయం లేనోళ్ళతో పెట్టించరాదా?" అని కసురుకున్నాడు. అత్త నవ్వు ఆపుకుంటూ నన్ను బావి దగ్గరికి ఎత్తుకుపోయింది.

"ధైర్యమున్నోళ్ళు దూరం నుంచి ఇసిరేసి పోతారప్పా. భయమున్నోళ్ళే ఒద్దికగా పెడతారు" అంది, నా కాళ్ళు కడుగుతూ.

నేను ఒద్దికగా పెట్టిందెక్కడ, పారిపోయాను కదా అని అప్పుడు నాకు అనిపించింది. కానీ అడగలేదు. మరుసటి ఏడు మళ్ళీ నేనే. ఆ మరుసటి ఏడూ నేనే. పెళ్ళయి పిల్ల పుట్టాక కూడా నేనే. భయం ఆవగింజంత కూడా తగ్గలేదు. కాకపోతే పరిగెత్తడం మానేశాను.

టపాకాయలంటే అత్తకు గిట్టదు. క్రిస్మస్ ముందురోజు పొద్దుగుంకగానే వీధిలో మోత మొదలయ్యేది. అత్త కుక్కను తీసుకుని కొట్టంలోకి పోయి తలుపు వేసుకునేది. అంతా సద్దుమణిగాక గడ్డిపరకలు దులుపుకుంటూ వచ్చేది. కారల్స్ పాడేవాళ్ళు డప్పుతో వస్తే గేటు దగ్గరే నిలబెట్టేది. "డప్పు ఆడనే పెట్టండి నాయనా, ఈడ పాట చాలు. పుట్టింది పసిబిడ్డ. చెవులు పగలగొట్టాకండి." వాళ్ళు పాడింది విని, అందరికీ నిప్పట్లు, వేడి పాలు ఇచ్చి పంపేది.

ఆఖరున వచ్చిన కుక్క నల్లోడు. బెంగుళూరు రోడ్డు పక్కన ఎవరో వదిలేసి పోతే పాల కేంద్రం నుంచి అత్త వెంట ఇంటికి వచ్చేశాడు. దూడంత ఉంటాడు. ఒక చెవి సగం లేదు. వాణ్ణి చూసిన ప్రతిసారీ నాకు ముచ్చెమటలు పోసేవి. పోయిన క్రిస్మస్‌కు అత్తకు మోకాళ్ళు పట్టేసి నా వెనక నిలబడలేకపోయింది. కుర్చీలో కూర్చుని చూస్తోంది. ఇదే సందని, "ఇంక నా కూతురు పెడుతుందిలే అత్తా, దానికి కుక్కంటే బొత్తిగా భయం లేదు" అన్నాను.

"అందుకే అది వద్దు" అంది. నేనే పెట్టాను.

అత్తను సాగనంపే రోజు మేం పలమనేరు చేరేసరికి ఇంటి ముందు జనం. ముందుగదిలో, ఎత్తు బల్ల మీద అద్దాల ఫ్రీజర్ పెట్టెలో అత్త. చుట్టూ తెల్లగుడ్డ నేల దాకా వేలాడుతోంది. కానీ గదిలో ఒక్క మనిషి లేడు. అందరూ వాకిట్లో నిలబడి కిటికీలోంచి తొంగి చూస్తున్నారు. బావ కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. తువ్వాలు మీద రక్తం.

జరిగింది ఇదీ. మా వైపు చావుకు పలకలు, అంటే డప్పులు, కొడతారు, టపాకాయలు కాలుస్తారు. మతంతో పని లేదు. పెద్దప్రాణం మర్యాదగా పోవాలంటే మోత ఉండాలి. వీధిలో కుర్రకారు అత్త చేతి పాలు తాగి పెరిగినవాళ్ళు. క్రిస్మస్‌కని బావ అటక మీద దాచిన టపాకాయలన్నీ దించి, ప్రేమ కొద్దీ, అత్త గడప ముందే సరమంతా ముట్టించారు. నల్లోడు కట్టు తెంచుకున్నాడు. కొట్టానికి పోయాడు, అక్కడ అత్త లేదు. ఇంట్లోకి వచ్చి ఆ పెట్టె కింద దూరాడు. బయటికి లాగబోయిన బావను పట్టేశాడు.

"పిచ్చి లేసింది దానికి. నోట్లో నురగ సూడు" అన్నాడొకడు. ఇంకొకడు గడ్డపార తెచ్చాడు. ఇద్దరు కర్రలు పట్టుకున్నారు. సమాధుల తోటలో గొయ్యి సిద్ధంగా ఉంది, అయ్యగారు వచ్చి కూర్చున్నారు, శవాన్ని ఫ్రీజర్‌లోంచి పూడ్చే పెట్టెలోకి మార్చాలి. ఎవరూ గదిలోకి పోలేరు. బావ ముఖం తిప్పుకుని, "ఏం జేస్తాం, కొట్టేయండి. అమ్మ మింద మాత్రం దెబ్బ పడకుండా సూడండి" అన్నాడు. ఆ మాట అంటూ ఏడ్చేశాడు.

అంతసేపూ అరుగు మీద తలవంచుకుని కూర్చున్న నాయన లేచాడు. నేరుగా నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు పెట్టు మే" అన్నాడు.

"ఏంది నాయనా పెట్టేది? కరుస్తాది. బావను కరిచింది గదా!"

"నిన్నట్నుంచి దానికి ఎవురూ కూడు పెట్టలేదు. చావింట్లో పొయ్యి ఎలగలేదు, దాని సంగతి ఎవురికీ గుర్తులేదు. నువ్వే గదా పెట్టేది ఏటా."

"ఏటా అత్త ఉండేది నాయనా!" అని అరిచాను. జనమంతా నా వైపు చూశారు. నిజంగా నాకు సిగ్గు కూడా వేయలేదు, అంత భయం. బొడ్డు చుట్టూ ఆ సూదులు మళ్ళీ గుచ్చుకుంటున్నట్టే ఉంది. నాకూ కూతురుంది, సంసారముంది, నిజంగానే దానికి పిచ్చి అయితే? మా ఆయన నా చెయ్యి పట్టుకుని వద్దన్నాడు. గడ్డపార పట్టుకున్నవాడు అప్పటికే గడప ఎక్కాడు. వాడు ఆ గడప ఎక్కకపోయి ఉంటే నేను వద్దనేదాన్నే.

"ఆగప్పా" అన్నాను.

ఎదురింటి ఆవిడ సంగటి తెచ్చింది. చారులో పిసికాను. పలకలు ఆపించమన్నాను, ఆపారు. గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాను. చల్లటి గది, ఊదువత్తుల వాసన, గుడ్డ వెనక నుంచి గుర్రుమని శబ్దం. పైన అద్దంలో అత్త ముఖం. చూడలేదు, చూస్తే తట్ట జారిపోతుంది. మోకాళ్ళ మీద కూర్చున్నాను. తర్వాత వంగాను. గుడ్డ అంచు ఎత్తితే రెండు కళ్ళు, పళ్ళు. విసిరేసి పారిపోదామని ఒళ్ళంతా అనిపించింది. ఎంత సులువు, చెయ్యి విదిలిస్తే చాలు. తట్టను నేల మీద ఆనించి కొంచెం తోశాను. ఆపాను. మళ్ళీ కొంచెం తోశాను. చేతిని అక్కడే వదిలేశాను, ఎందుకంటే వెనక్కి తీసే ధైర్యం కూడా లేదు.

లేవబోతే లేవలేకపోయాను. అందుకని అక్కడే చతికిలబడి ఉండిపోయాను. ఏడ్చాను. అత్త కోసం నాకు ఏడుపు వచ్చింది అప్పుడే. గట్టిగానే ఏడ్చాను, పక్కన కుక్క ఉందని మరచిపోయి. కాసేపటికి తట్ట నేల మీద జరిగిన చప్పుడైంది. నాకుతున్న చప్పుడు. వాడు గుడ్డ కింద నుంచి తల బయటపెట్టి, తోక కాళ్ళ మధ్య ముడుచుకుని, పొట్ట నేలకు ఆనించి పాకుతూ వచ్చాడు. నాయన తలుపు సందులోంచి వచ్చి మెడకు తాడు వేశాడు. పిచ్చీ లేదు, గిచ్చీ లేదు. బావ మాత్రం సూదులు వేయించుకున్నాడు. ఇప్పుడవి చేతికే వేస్తారట, అదృష్టవంతుడు.

అత్తను పూడ్చి వచ్చాక బావ, "నన్నేమీ అనుకోవద్దు మే, దాన్ని ఇంక నేను పెట్టుకోలేను" అన్నాడు. అనుకోవడానికేముంది, అతని చేతికి కట్టు ఉంది. అలా నల్లోడు మా కారు వెనకసీట్లో నా కూతురి ఒళ్ళో తల పెట్టుకుని తిరుపతి వచ్చాడు. దారి పొడుగునా నేను ముందుసీట్లో మెడ తిప్పకుండా కూర్చున్నాను.

ఈ ఏడు క్రిస్మస్ మా ఇంట్లోనే. నాయన వచ్చాడు. పండగ ముందురోజు మధ్యాహ్నం వంట కాగానే ఎవరూ నన్ను అడగలేదు, నేనే తట్ట తీశాను. అరచేతి వెనకవైపు ఆనించి చూశాను. పెట్టాను. తిన్నాడు. నా వైపు రాలేదు, నేనూ వాడి వైపు పోలేదు. అక్కడికి ఆ రోజు గండం గడిచిందనుకున్నాను.

చీకటి పడుతుండగా పక్కవీధిలో మొదటి సరం పేలింది. నేను వంటింట్లో నేల మీద కూర్చుని గులాబీ పూలు డబ్బాలో సర్దుతున్నాను. నల్లోడు ఎక్కణ్ణుంచి వచ్చాడో చూడలేదు. నాకూ గోడకూ మధ్య ఉన్న జానెడు సందులోకి మొత్తం ఒంటిని దూర్చేశాడు. దవడ నా పాదం మీద పెట్టాడు. మోత వినిపించినప్పుడల్లా వాడి నోరు వణికి, పళ్ళు నా చర్మానికి తగులుతున్నాయి.

"అన్నం తిందాం రా మే" అని నాయన పిలుస్తున్నాడు. మా ఆయన పిలుస్తున్నాడు. బయట ఇంకో సరం. భయం చిన్నప్పటి భయమే. మీరు తినేయండి అన్నాను. పాదం మాత్రం తీయలేదు.