రెండు సెకన్లకోసారి అక్క

ఆ విడిభాగాల కంపెనీలో ఆమెను అందరూ సర్వరమ్మ అనేవారు. పాతిక గోడౌన్ల గుమాస్తాలు పొద్దున్నే లాగినయ్యే సర్వర్ కంప్యూటర్ ఆమె అజమాయిషీలో ఉండేది. పక్క ఊళ్ళోని పెద్ద గోడౌను గుమాస్తా ఆమెకు సొంత అక్క. ఇద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. అమ్మ పోయాక ఆవిడ కుట్టుమిషన్ను అక్క చెప్పాపెట్టకుండా ఎవరికో ఇచ్చేసింది, అంతే, చిలికి చిలికి గాలివానయింది. మొండితనంలో ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే, ఆ సంగతి వేరే చెప్పాలా.

మాటల్లేకపోతేనేం, చూపులుండేవి. ఆ కంప్యూటర్లో ఎవరెవరు లాగినయి ఉన్నారో, ఎవరు కీబోర్డు ముట్టుకుని ఎంతసేపయిందో చూపే కమాండ్ ఒకటుంది. దాని ముందు ‘వాచ్’ అని తగిలిస్తే, రెండు సెకన్లకోసారి తనంతట తానే మళ్ళీ చూసి చెబుతూ ఉంటుంది. సర్వరమ్మ తెర మీద ఒక మూల అది రోజంతా నడిచేది. తొమ్మిదీ పదికి అక్క పేరున్న వరుస వచ్చేది. పదకొండుకి పావుగంటసేపు కదలిక ఉండేది కాదు. “టీకి లేచింది మహాతల్లి” అని గొణుక్కుంటూ ఈవిడా గ్లాసు పట్టుకుని లేచేది.

ఒక సోమవారం ఆ వరుస రాలేదు. మంగళవారమూ రాలేదు. వారం గడిచేసరికి సర్వరమ్మకు ముద్ద దిగడం మానేసింది. ఎవరినైనా అడుగుదామంటే నామోషీ. ఆఖరికి పంతం పక్కనపెట్టి బట్టలు సర్దుకుంది. సెలవు చీటీ ఇచ్చి వెళ్దామని ఆఫీసుకొచ్చి తెర చూస్తే, తొమ్మిదీ పదికి అక్క వరుస వచ్చి ఉంది.

ప్రాణం లేచొచ్చింది. దాని వెనకే పాత రోషమూ లేచొచ్చింది. ‘కులాసాగా పనిచేసుకుంటోందిగా, నేనెందుకు వెళ్ళి కాళ్ళమీద పడాలి?’ అనుకుని చీటీ చింపేసింది. ఆ రోజు పదకొండుకి వరుస ఆగలేదు. టీ మానేసిందేమో అనుకుంది. పిచ్చిమొహం, అప్పుడైనా అనుమానం రావద్దూ?

చీటీ చింపిన పదకొండో రోజు పెద్ద గోడౌను నుంచి మెయిల్ వచ్చింది. గుమాస్తా నిన్న ఆస్పత్రిలో చనిపోయారు, ఆమె ఖాతా మూసేయగలరు, అని. తెర మీద ఆ వరుస ఇంకా కదులుతూనే ఉంది. సర్వరమ్మ గోడౌనుకు ఫోన్ చేసి, ఆ లాగిన్లో ఎవరున్నారని అడిగింది.

“ఆ లాగిన్లో ఉన్నది నేనేనండి,” అంది అవతలి అమ్మాయి. “ఆవిడ ఆస్పత్రిలో చేరిన వారానికి ఇక్కడ పని పేరుకుపోయింది. నాకు పాస్‌వర్డు చెప్పి, పని ఆగనివ్వద్దన్నారు. చివరిదాకా తెలివిలోనే ఉన్నారండి. ఎవరు తలుపు తీసినా తలెత్తి చూసేవారు. మీవాళ్ళెవరికైనా కబురు చేస్తామంటే, ‘చెల్లెలుంది, తెలిస్తే అదే పరిగెత్తుకొస్తుందిలే’ అన్నారు.”

చీటీ చింపాక ఆ పది రోజుల్లో ఏ రోజు బస్సెక్కినా అక్క తలెత్తి సర్వరమ్మను చూసేది.

“ఆ చెల్లెలు రానే లేదండి, పాపం,” అంది అమ్మాయి. “ఇంతకీ మీరెవరండీ?”

“కంప్యూటర్ సెక్షనండీ,” అంది సర్వరమ్మ. “ఖాతా మూసేస్తాను.”