పెద్దమ్మను ఎవరూ పాపం అనొద్దు

పోయిన మంగళవారం పొద్దున నేను కాలేజీకి తయారవుతుంటే మంచిర్యాల నుంచి ఫోన్ వచ్చింది. పెద్దమ్మ పక్కింటామె. "బిడ్డా, మీ పెద్దమ్మ లేస్తలేదు. పిలిచిన, కదిపిన. లేస్తలేదు" అంటూనే ఏడ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. డెబ్బై దాటింది. గుండె బలహీనపడిందని డాక్టర్లు ఏడాదిగా చెబుతూనే ఉన్నారు. నిద్రలోనే పోయింది. నేను కరీంనగర్ నుంచి వెళ్లేసరికి తెల్ల చీర కట్టి ముందు గదిలో పడుకోబెట్టారు. సాయంత్రం చర్చి వాళ్ల సమాధుల తోటలో, ఆమె కంటే ముందే పోయిన భర్త, మా పెద్దబాపు పక్కనే పూడ్చిపెట్టి వచ్చాం.

ఇంటి ముందు టెంటు కింద చుట్టాలు చాయ్ తాగుతున్నారు. అప్పుడు వినపడింది ఆ మాట. "పాపం, పిల్లల్లేరు. ఏం జెయ్యాల్నో తెల్వక మొగుడూ పెండ్లాం ఆ జంతువుల ఎంబడి తిరిగిండ్లు" అన్నది ఒకామె. "అవ్, పాపం" అని ఇంకొకామె తలూపింది.

నాకు చాలా కోపం వచ్చింది. చావింట్లో గొడవ ఎందుకని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోదలచుకోలేదు. మా పెద్దమ్మను మొండిదనండి, ఎవరి మాటా విననిదనండి, ఆ రెండూ నిజమే. పాపం మాత్రం అనొద్దు. ఎందుకో చెబుతాను.

పెద్దమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. పెద్దబాపు బొగ్గు గనిలో, భూమి లోపల పని. ఆయన పగలు గనిలో ఉండేవాడు, ఈమె ఏ డ్యూటీ పడితే ఆ డ్యూటీలో. పెళ్లయి పదేళ్లయినా పిల్లలు కలగలేదు. ఒకసారి జన్నారం వైపు ఏదో పెళ్లికి పోయి స్కూటర్ మీద తిరిగి వస్తున్నారట. పొద్దు ఇంకా గూకలేదు. అడవిలో మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా ఎలుగుబంటి. దాని వీపు మీద బొచ్చు పట్టుకొని వేలాడుతూ ఒక పిల్ల.

"మీ పెద్దబాపు బండి ఎనక్కి తిప్పుదామన్నడు. నేను భుజం గట్టిగ పట్టుకొని ఆగుమన్న. నాకు భయమైంది. అయితే ఏంది? భయపడుకుంటనే చూసిన" అని చెప్పేది పెద్దమ్మ. ఈ సంగతి వినగానే అందరూ ఆ వీపు మీది పిల్ల దగ్గరే ఆగిపోయేవాళ్లు. జాలిగా ఆమె ముఖం చూసేవాళ్లు. ఆమెకు చిర్రెత్తేది. "పిల్లను చూసి కాదే. దాని నడక చూసి. ఆ రోడ్డు దాని అయ్య వేయించినట్టు నడిచింది!"

అక్కడి నుంచి మొదలైంది. సెలవు దొరికితే కవ్వాల్ అడవి, ఇంకో సెలవు దొరికితే మహారాష్ట్రలోని తాడోబా అడవి. స్కూటర్, బస్సు, రైలు, ఏది దొరికితే అది. డబ్బాలో మక్క పేలాలు, మెడలో దుర్బీను. ఆ వీధిలో అందరూ ఇంటి మీద ఇల్లు కట్టుకున్నారు. వీళ్లది మాత్రం పైకి మెట్లు కట్టి అక్కడే ఆగిపోయింది. పైన ఒక అంతస్తు వేయొచ్చు కదా అని ఎవరైనా అంటే పెద్దబాపు నవ్వేవాడు. "ముప్పై ఏండ్లు భూమి కింద ఉన్న. భూమి మీద ఏమున్నదో ఇంకా చూడనే లే. అప్పుడే మిద్దె మీద ఏం జేస్త?"

ఇద్దరూ రిటైరయ్యాక దేశాలు దాటారు. కెన్యాలో సింహాలు, బోర్నియో అడవుల్లో ఒరాంగుటాన్ వానరాలు. జలగలు పట్టి పెద్దమ్మ సాక్సులన్నీ రక్తమైతే, తన కాళ్లు వదిలేసి, ఆసుపత్రి అలవాటు కొద్దీ జలగలు కరిచిన గైడుకే కట్టు కట్టి వచ్చిందట. ఆయన ఆమెను జీవితాంతం 'సిస్టర్' అనే పిలిచాడు. "సిస్టర్, కుడి దిక్కు చూడు." "సిస్టర్, గొంతు తగ్గించు." ఆమె ఆయనను 'ఏమయ్యా' అనేది. జంతువు కనపడగానే ఆయన కెమెరా కోసం తడుముకుంటుంటే చెయ్యి పట్టుకొని ఆపేది. "ఆగయ్యా. ముందు దాన్ని మనల్ని చూసుకోనీ. ఆయెనక మనం చూద్దాం."

ఆమెకొక నోట్ బుక్ ఉండేది. అందులో జంతువుల గురించి పేషెంట్ల షీట్ రాసినట్టు రాసేది. నేను చదివిన ఒక పేజీ ఇట్లా ఉంది: "మగ సింహం. వయసు పైబడింది. ఎడమ కంట నీరు. వెనక కాలు కుంటు. ఆకలి ఉంది. చెప్పిన మాట వినే రకం కాదు."

ఉగాండా సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. అప్పటికే గని దుమ్ము పెద్దబాపు ఊపిరితిత్తులను తినేసింది. పది మెట్లెక్కితే ఆయాసం. అయినా గొరిల్లాలను చూడాలని ఇద్దరికీ పట్టుదల. అవి ఉండే కొండల్లో దారి అంటూ ఉండదు. ముందు నడిచేవాళ్లు కత్తులతో తీగలు నరుక్కుంటూ పోవాలి. గంటసేపు ఎక్కాక పెద్దబాపు ఒక మొద్దు మీద కూలబడ్డాడు.

"సిస్టర్, నువ్వు పో. నేనిక్కడ కూసుంట. చూసొచ్చి చెప్పు."

"నీకు చెప్పేటందుకు నేనింత దూరం రాలే. ఇద్దరం చూసేటందుకు వచ్చిన."

నడవలేనివాళ్లను మోసుకుపోవడానికి అక్కడ ఒక కుర్చీ ఉంటుంది. రెండు కర్రల మధ్య కట్టి మనుషులు భుజాల మీద మోస్తారు. దాన్ని వాళ్లు సరదాగా హెలికాప్టర్ అంటారట. గైడు అది తెప్పించాడు. పెద్దబాపు చూసి అడ్డంగా తలూపాడు.

"బతికుండంగనే పాడె ఎక్కిస్తవా నన్ను?"

"ముప్పై ఏండ్లు ఎంతమందిని స్ట్రెచర్ ఎక్కించిన్నో లెక్క లేదు. ఒక్కలు సిగ్గుపడలే. నీకేం సిగ్గు? ఊపిరి నీది ఆగింది గానీ కండ్లు ఆగినయా? ఎక్కు."

ఆయన ఎక్కాడు. ఈమె మోకాలికి పట్టీ బిగించి, ఆ కుర్చీ కర్ర పట్టుకొని పక్కనే నడిచింది. ఇంకో రెండు గంటలు. చివరికి పొదల మధ్య కనపడ్డాడు వాడు, వీపంతా వెండిలా మెరిసే మగ గొరిల్లా. ఆకులు దూసుకొని తింటున్నాడు. "పంచాయితీ చెప్పే పెద్దమనిషి లెక్క కూసున్నడే. ముందు కుర్చీ దిక్కు చూసిండు. తర్వాత మీ పెద్దబాపు మొకం చూసిండు. చాలాసేపు చూసిండు. ఆయెనక మళ్ల తినుడు మొదలు పెట్టిండు" అని చెప్పింది పెద్దమ్మ. పెద్దబాపు ఒక్క ఫొటో కూడా తియ్యలేదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ కుర్చీలో పెళ్లికొడుకులా కూర్చొని, దారిలో కనపడిన వాళ్లందరికీ చెయ్యి ఊపాడట.

ఆ రోజు నోట్ బుక్కులో ఉన్నది ఇది: "మగ గొరిల్లా. ఆరోగ్యం బాగుంది. ఆకలి బాగుంది. మా ఆయనను చూసి జాలి పడలేదు."

ఆ తర్వాత ఎనిమిది నెలలకు పెద్దబాపు పోయాడు. అప్పటికే ఇద్దరి పేర్ల మీదా బ్రెజిల్ టికెట్లు ఉన్నాయి. అక్కడి నదుల్లో ఈదే జాగ్వార్‌ను చూడాలని ఆయన కోరిక. మన చిరుతపులిలాగే ఉంటుంది గానీ ఇంకా బలిష్టమైనది. ఆయన పోయి మూడు నెలలు కాలేదు, పెద్దమ్మ సూట్‌కేసు తీసింది. చుట్టాలంతా ఆ ఇంట్లో కూడారు. ఒద్దన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మాట ఒప్పుకోకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

"పెద్దమ్మా, ఇంకా మూడు నెలలు కూడా నిండలే. జనం ఏమనుకుంటరు? ఒక్కదానివి అంత దూరం ఎట్ల పోతవు?" అన్నాను.

ఆమె స్వెటర్ మడత పెడుతున్నది. తల ఎత్తకుండానే అన్నది, "ఆయన పోయిండు బిడ్డా. నేను పోలే."

నేనే మళ్లీ అడిగాను, "నీకు భయం లేదా?"

"ఎందుకు లేదు? మస్తున్నది. అయితే ఏంది?"

ఓదార్చడానికి పాస్టరుగారు వచ్చారు. దుఃఖం తీరాలని ప్రార్థన మొదలుపెట్టబోతే ఆపింది. "దుఃఖం సంగతి నేను చూసుకుంట అయ్యగారూ. మోకాళ్ల కోసం ప్రార్థన చెయ్యిండ్లి. అక్కడ పడవ ఎక్కుడు దిగుడు ఉంటది."

వెళ్లింది. నాలుగు రోజులు ఫోన్ లేదు. మా అమ్మ నన్ను తిట్టింది, ఎట్ల పోనిచ్చినవని. ఐదో రోజు ఫోన్ మోగింది.

"కనపడ్డదే! నాలుగు రోజులు ఉత్తగనే తిరిగినం. ఇయ్యాల పడవ ముందట్నుంచే ఈదుకుంట పోయింది. ఒడ్డెక్కి ఒళ్లు దులుపుకున్నది. ఆ నీళ్లు నా మొకం మీద పడ్డయి."

"ఏడ్చినవా పెద్దమ్మా?"

"ఏడ్చిన. ఏడ్చుకుంటనే చూసిన. మీ పెద్దబాపు సీటు ఖాళీగున్నది గదా, కాళ్లు చాపుకొని కూసున్న. ఆయనుంటే చాపనిస్తుండెనా?"

ఫోన్ పెట్టేశాక నేను వంటింట్లోకి పోయి చాలాసేపు ఏడ్చాను. దుఃఖంతో కాదు. ఆమెను ఆపాలని చూసినందుకు.

ఈ ఏడాది ఆమె గుండె ఇక ప్రయాణాలకు ఒప్పుకోలేదు. డాక్టరు గుమ్మం దాటొద్దన్నాడు. చలికాలం చివర్లో ఒక రోజు నాకు ఫోన్ చేసి, బెజ్జూరు తీసుకుపొమ్మన్నది. అక్కడి అడవిలో, ప్రాణహితలో కలిసే వాగు ఒడ్డున, ఒక కొండకు రాబందులు గూళ్లు పెడతాయి. "లోకమంత తిరిగిన. ఇంటి పక్కన ఉన్నదాన్ని చూడలే" అన్నది. అన్ని దేశాలు తిరిగిన మనిషితో నేను ఒక్కసారి కూడా అడవికి పోలేదు. డాక్టరుకు చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు. తెల్లవారగానే కారులో తీసుకుపోయాను.

కారు ఆగిన చోటు నుంచి కొంచెం దూరం నడవాలి. ఇరవై అడుగులకొకసారి ఆగింది. అటవీ శాఖ తరఫున ఆ గూళ్లకు కావలి ఉండే ఒకాయన ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చి, ఆమె ఆగినప్పుడల్లా వేశాడు. ఆమె కూర్చోవడం, ఊపిరి తీసుకోవడం, లేవడం. వాగు ఒడ్డుకు చేరేసరికి చెమటతో జాకెట్టంతా తడిసింది. ఎదురుగా నిటారుగా కొండ. రాతి అంచుల మీద గోధుమ రంగు ముద్దల్లా రాబందులు కూర్చొని ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

"జర ఆగాలె అమ్మా. ఎండ పడి గాలి ఎచ్చగైతేనే లేస్తయి" అన్నాడు కావలి ఆయన.

"ఆగుదాం తియ్యి. నాకేం పనున్నది?" అన్నది.

ఆగాం. ఎండ కొండ మీది నుంచి కిందికి జారుతూ వచ్చింది. నేను రెండుసార్లు టైము చూసుకున్నాను. ఆమె ఒక్కసారి కూడా చూసుకోలేదు. అన్నిటికంటే పై అంచున ఉన్న పెద్ద పక్షి మెడ చాచింది. రెక్కలు విప్పింది. ఇంత పెద్ద రెక్కలని నేను ఊహించలేదు. అది ఎగరలేదు, అంచు మీది నుంచి కిందికి పడింది. నేను కెవ్వుమన్నాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకొని "ఊకో" అన్నది. పడుతున్న పక్షిని గాలి అందుకుంది. రెక్క ఆడించకుండానే అది చుట్టు తిరుగుతూ పైకి లేచింది. దాని వెనుక ఇంకొకటి. దాని వెనుక ఇంకొకటి.

పెద్దమ్మ దుర్బీను ఒళ్లో పెట్టేసింది. కుర్చీ వీపుకు తల పూర్తిగా వాల్చింది. తల మీద కప్పుకున్న కొంగు జారి ఇసుకలో పడింది, తీసుకోలేదు. నోరు తెరిచి, ఎండలో కళ్లు చిట్లించి, తెల్ల జుట్టు గాలికి రేగుతుంటే అట్లాగే చూస్తూ ఉంది. రాబందుల నీడలు ఒకదాని వెంట ఒకటి వాగు నీళ్ల మీదుగా వచ్చి, ఇసుక దాటి, ఆమె ముఖం మీది నుంచి పోతున్నాయి.