రెండు గొట్టాల్లోనూ పట్టని ఉత్తరం

మా తాతయ్యకు వచ్చే ఉత్తరాలు చదివిపెట్టే పని నా చిన్నప్పుడు నాదే. నాకిప్పుడు పెద్ద వయసేమీ కాదు గానీ, పుట్టగానే ఫోన్ పట్టుకున్న మా పిల్లలకు ఉత్తరం అన్న మాట వింటే చాలు, నేను రాజుల కాలం మనిషిలా కనిపిస్తాను. అప్పటికి మా కొండ మీదికి టవర్ రాలేదు. అరకు సంతకు వెళ్లినవాళ్లు తెస్తే ఉత్తరం, లేదంటే సాలూరు వైపు నుంచి జీపులో వస్తే ఉత్తరం. నాన్నకు సంతకం వరకే వచ్చు. ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, అదీ అయిదో తరగతి.

తాతయ్యను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు జడ్జీ అనేవారు. ఆయన కోర్టు గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. గట్టు తగువులు, ఒకరి ఎద్దు ఇంకొకరి చేలో పడ్డ తగువులు, పిల్లను లేపుకుపోయిన తగువులు, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. రోడ్డు పని చేయించే కాంట్రాక్టరు ఎవరో ఎగతాళిగా జడ్జీగారూ అని పిలిచాడట. అది ఊరికి నచ్చేసింది, అలాగే ఉండిపోయింది.

ఆయన ఉత్తరాలు దాచుకోవడానికి ఇంటి చూరులో రెండు వెదురు గొట్టాలు ఉండేవి. ఒకదానిలో బేరం ఉత్తరాలు. పసుపు ఎప్పుడు దింపుతారు, మిరియాలు ఇంకా ఆరలేదా అని సాలూరు షావుకారు తొందరపెడుతూ రాసేవి అందులోకి వెళ్లేవి. రెండోదానిలో ఇంటి ఉత్తరాలు. డొంకరాయి డ్యాం కాలనీలో ఉండే తాతయ్య చెల్లెలు రాసేవే ఎక్కువ. ఆవిడ మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలుపెట్టి, కోడలి మీద చాడీల్లో పడి, మళ్లీ మోకాళ్ల దగ్గరికి వచ్చి ఆగేది. నేను ఆవిడ గొంతు పెట్టి చదివితే తాతయ్య పొగచుట్ట పక్కన పెట్టి మరీ నవ్వేవాడు. చదవడం అయ్యాక, ఇది ఏ గొట్టంలోకి అని నన్నే అడిగేవాడు. అందులో తడుముకోవాల్సిందేమీ ఉండేది కాదు, మా చిన్నత్త తిరిగి వచ్చేదాకా.

చిన్నత్తను సాలూరు దారిలో, మాకు రెండు కొండల కింద ఉన్న ఊళ్లో ఇచ్చారు. అత్త మామగారికి సొంత జీపు ఉండేది. అందుకని అందరూ ఆయన్ను జీపాయన అనేవారు. మా ఊరి పసుపు, మిరియాలు, కాఫీ గింజలు, ఏవి సాలూరు దిగాలన్నా ఆ జీపు మీదే దిగాలి. తాతయ్యకూ ఆయనకూ పెళ్లికి ముందు నుంచే వ్యాపారం. మాలో పెళ్లికొడుకు వైపువాళ్లే పిల్ల తండ్రికి ఓలి ఇచ్చుకుంటారు. ఓలి కింద జీపాయన ఒక జత ఎద్దుల్ని ఇచ్చాడు. పిల్లనిచ్చి జీపును కట్టేసుకున్నాడు జడ్జీ అని ఊళ్లో ముచ్చటగా చెప్పుకున్నారు.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో అత్త చిన్న మూటతో కొండెక్కి వచ్చేసింది. ఏమైందని నాయనమ్మ అడిగింది. నాన్న అరిచాడు. ఇక అక్కడికి వెళ్లను అన్న ఒక్క మాట తప్ప అత్త నోటి నుంచి ఇంకేమీ రాలేదు. తాతయ్య అసలు అడగనే లేదు. ఆ మర్నాడు పొలానికి వెళ్తూ అత్తకు కూడా ఒక కొడవలి ఇచ్చాడు, అంతే.

తరువాతి సంతకు జీపాయన ఉత్తరం వచ్చింది. ఎవరి చేతో రాయించాడో గానీ, బావగారికి నమస్కారాలు అని మర్యాదగానే మొదలైంది. పసుపు ఉడకబెట్టే నాటికి గోనెలు పంపిస్తానన్నాడు. వెంటనే, మీ గుంటకు పొగరెక్కువ అన్నాడు; మా వైపు ఆడపిల్లను గుంట అంటారు. మిరియాలకు తడి తగలకుండా చూడమన్నాడు. నా కొడుకు ఏం తక్కువ చేశాడో చెప్పమన్నాడు. కాఫీ ఈసారి షావుకారు తక్కువకే అడుగుతున్నాడన్నాడు. ఆడపిల్లకు తండ్రి అదుపు లేకపోతే ఇలాగే ఉంటుందన్నాడు. చదివేసరికి నాకే ఊపిరాడలేదు. ఇది ఏ గొట్టంలోకి తాతయ్యా అన్నాను.

తాతయ్య గడ్డం గీసుకునే బ్లేడు తీసి నా చేతిలో పెట్టాడు. బేరం ముక్కలు వేరు, ఇంటి ముక్కలు వేరు చేసి కొయ్యమన్నాడు. అంత పెద్దమనిషి రాసిన కాయితాన్ని కొయ్యడం నాకు భలే సరదా అనిపించింది. నాలిక బయటపెట్టి మరీ వరస వరసా కోశాను. తాతయ్య పక్కనే కూర్చుని చూస్తూ ఒక మాటన్నాడు.

"తగువుకొచ్చినోడు ఎప్పుడూ ఎద్దు మాట్లో పెళ్లాం మాట కలిపేత్తాడే, గుంటా. ముందు ఇడదియ్యాలి. ఇడదీత్తేగానీ ఏది దేనికో తెలీదు."

జవాబులు కూడా రెండు కాయితాల మీద రాయించాడు. ఒకదానిలో, పసుపుకు గోనెలు పంపండి, మిరియాలు ఆరబెడుతున్నాం అని. రెండోదానిలో, పిల్ల మా దగ్గర ఉంది, కులాసా అని. ఒక దాంట్లో మాట ఇంకో దాంట్లోకి ఒక్కటి కూడా రానివ్వలేదు.

ఆ జవాబులు చూసి జీపాయనకు ఒళ్లు మండిపోయింది. చలి ముదురుతున్నకొద్దీ ఉత్తరాలూ ముదిరాయి. బావగారు పోయి నువ్వు అయ్యింది. నీ జడ్జీతనం ఊళ్లోవాళ్ల ఎద్దుల మీదేనా, సొంత కూతురి దగ్గర నోరు పడిపోయిందా అని ఒకసారి రాయించాడు. మీ ఊరి తీర్పు రాయి మీద నేను గనక కూర్చుంటే ఒక్క పూటలో తేల్చి పారేస్తాను అని ఇంకోసారి. నేను చదువుతూ కోస్తూనే ఉన్నాను. ఇంటి ముక్కలు పొడుగవుతున్నాయి, బేరం ముక్కలు నా వేలంత కూడా ఉండడం లేదు.

ఇంట్లో కూడా ఏమంత బాగాలేదు. నాన్న అత్తతో మాట్లాడడం మానేసి, ఆవిడకు వినపడేలా గోడతో మాట్లాడేవాడు. "దీని మూలంగా ఊరు ఊరంతా పసుపు నెత్తిన మోసుకుని సావాల" అని ఒకసారి కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఊట దగ్గర అత్త వెళ్తే ఆడవాళ్లు బిందెలు బేగి నింపుకుని వెళ్లిపోయేవారు. ఒకామె మాత్రం ఆగి, మొగుడు కొట్టని ఇల్లు ఏ కొండ మీదుందో చూపించమ్మా, మేమూ వస్తాం అంది. పక్కవాళ్లు నవ్వారు. అత్త కూడా బిందె ఎత్తుకుంటూ నవ్వినట్టే మొహం పెట్టింది. ఇంటికి వచ్చేదాకా ఆ మొహం అలాగే ఉంది.

పసుపు ఉడకబెట్టి ఎండబోసిన రోజుల్లో ఆఖరి ఉత్తరం వచ్చింది. నమస్కారం లేదు, సంతకం లేదు. ఒక్క వరస ఉంది. మీ గుంట జీపెక్కితేనే మీ పసుపు జీపెక్కుతాది.

అలవాటు కొద్దీ బ్లేడు తీసుకున్నాను. ఎక్కడ పెట్టినా కుదరలేదు. అక్కడ కోస్తే అత్త సగంలో పసుపు మిగిలిపోతోంది, ఇక్కడ కోస్తే పసుపు సగంలో అత్త. కొయ్యలేను తాతయ్యా అన్నాను. ఆయన ఆ కాయితం నా చేతిలోంచి తీసుకుని, చదవడం రాకపోయినా చాలాసేపు చూశాడు. దీనికి కాయితం మీద జవాబు లేదన్నాడు. రెండు ఊళ్లకూ పంచాయితీ కబురు పెట్టించాడు.

మా ఊరి నడుమ ఒక చదును రాయి ఉంది. తగువు తీర్చేవాడు దాని మీద కూర్చుంటాడు, తక్కినవాళ్లు నేల మీద. కూర్చున్నవాడికి మా చుట్టుపక్కల ఒక కట్టుబాటు ఉంది. రెండు వైపుల మాటా విని, ఆ మాటనే తన నోటితో, తనకే జరిగినట్టు, నేను అని తిరిగి చెప్పాలి. అవును, నా మాట ఇదే అని ఆ మాట చెప్పినవాడు ఒప్పుకోవాలి. ఆ తర్వాతే తీర్పు. మధ్యలో సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. చెప్పలేక దిగిపోతే, ఆ దిగిపోయినవాడి పక్షం ఓడినట్టే.

జీపాయన కొడుకునూ, ఊరివాళ్లనూ జీపు నిండా వేసుకుని వచ్చాడు. ఎండబోసిన పసుపు పక్క నుంచే తొక్కినంత పని చేస్తూ బండి ఆపాడు. అందరూ తాతయ్య రాయి మీద కూర్చుంటాడనే చూస్తున్నారు. ఆయన వెళ్లి నేల మీద, అత్త పక్కన కూర్చున్నాడు. ఇది నా బిడ్డ తగువు, నేను కూర్చోకూడదు అన్నాడు. మరి ఎవరు అని గుసగుసలు మొదలయ్యాయి.

"మా బావ కూకుంటాడు" అన్నాడు తాతయ్య. "ఒక్క పూటలో తేల్చేత్తానని రాసినాడు. మా గుంట సదివింది."

ఒక్కసారి గోల లేచింది. నీకేమైనా మతి పోయిందా అయ్యా అని నాన్న అందరి ముందే అనేశాడు. పిల్ల మామను కూర్చోబెడితే పిల్లను చేతులారా జీపెక్కించినట్టే కదా అని మా ఊరివాళ్లంతా తాతయ్య మీద పడ్డారు. అత్త తల ఎత్తలేదు. ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది. తాతయ్య అత్తను అమ్మేశాడనే నేనూ అనుకున్నాను. జీపాయన కాసేపు అనుమానంగా చూశాడు. కానీ రెండు ఊళ్లు చూస్తుంటే వెనక్కి తగ్గే మనిషి కాదు. తువ్వాలుతో రాయి దులుపుకుని కూర్చున్నాడు.

ముందు ఆయన కొడుకు చెప్పాడు. పెళ్లాం మాట వినదు, ఎదురు మాట్లాడుతుంది, వంట ఆలస్యం, పరువు తీసింది. జీపాయన ఆ మాటలన్నీ నేను, నేను అంటూ ఊరంతా వినబడేలా చెప్పాడు. కొడుకు చెప్పనివి ఒకటి రెండు తగిలించబోతే పెద్దలు ఆపారు. తరువాత అత్తను లేవమన్నారు. ఆవిడ లేచింది. అన్నాళ్లూ నాయనమ్మకు కూడా చెప్పని మాట అప్పుడు చెప్పింది.

"గంజి మాడిందని మా ఆయన నన్ను బయటికి తోసి గడియెట్టేసినాడు. జోరు వాన. తలుపు కొట్టినాను, తియ్యనేదు. జీపులోకెల్లి ముడుసుకుని పడుకున్నాను. తెల్లారి మావొచ్చి సూసినాడు. సీటంతా తడిపేసినావు, తుడిసెయ్ అన్నాడు."

"నానన్నేదు" అన్నాడు జీపాయన.

తాతయ్య గొంతు పెంచలేదు. "బావా, రాయి మీదున్నావు. ముందు ఆ మాట అను. తీర్పు తరవాత."

జీపాయన మొదలుపెట్టాడు. మొదట కాస్త వెక్కిరింతగా, ఆడగొంతు పెట్టి. గంజి మాడిందని మా ఆయన నన్ను బయటికి తోసినాడు అనేసరికి ఆయన తెచ్చుకున్నవాళ్లు నవ్వారు. తలుపు కొట్టినాను, తియ్యనేదు అన్నాడు. ఇప్పుడు నవ్వు కొంచెమే వచ్చింది. జీపులోకెల్లి పడుకున్నాను అన్నప్పుడు గొంతు ఆయన మామూలు గొంతు అయిపోయింది. తెల్లారి మావొచ్చి సూసినాడు అని ఆగాడు. మళ్లీ, మావొచ్చి సూసినాడు అన్నాడు.  ఆయన ఊరి నుంచే వచ్చిన ఒక ముసలామె, నోట్లో ఆకు నములుతూ అడిగింది.

"అనూ. సూసి ఏటన్నాడు మావ?"

జీపాయన పెదవులు కదిలాయి. మాట రాలేదు. అబద్ధమని కొట్టిపారేద్దామంటే ఆ చోట సొంత మాట పనికిరాదు. అనేద్దామంటే అది తన మాటే. ఆయన రాయి దిగాడు. తువ్వాలు విసురుగా భుజాన వేసుకుని, మా అందరి వైపూ తిరిగి, ఈ ఊరి గింజ ఒక్కటి కూడా నా జీపెక్కదు, అన్నీ కుళ్లిపోనీ అన్నాడు. ఉమ్మేసి వెళ్లిపోయాడు. ఆయనతో వచ్చిన వాళ్లలో సగం మంది ఆ జీపెక్కకుండా నడిచి దిగారు.

అన్నంత పనీ చేశాడు. జీపు మళ్లీ రాలేదు. తెగిపోయిన పెళ్లికి ఓలి ఉంచుకోకూడదు గనక, తెల్లారగానే నాన్న ఆ ఎద్దుల్ని తోలుకెళ్లి వాళ్ల గుమ్మంలో కట్టేసి వచ్చాడు. వచ్చాక తాతయ్యతో ఆ వేసవంతా మాట్లాడలేదు. పసుపు నెత్తిన పెట్టుకుని ఘాట్ రోడ్డు దాకా మోశాం, అక్కడి నుంచి బస్సు. అందరికన్నా బరువైన మూట అత్తదే. దారి పొడుగునా వెనక నుంచి ఎవరో ఒకరు ఆవిడను తిడుతూనే ఉన్నారు. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా మూట దించలేదు. ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది, మిరియాల పాదులన్నీ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. జీపాయన ఇంటికీ మా ఇంటికీ ఈ రోజుకూ పలకరింపులు లేవు.

పంచాయితీ జరిగిన సాయంత్రం నేను తాతయ్యను అడిగాను, జీపు సీటు సంగతి నీకు ముందే తెలుసా అని. తెలీదన్నాడు. మరి ఎలా కూర్చోబెట్టావు, గెలిచేస్తే అన్నాను.

"నాకు తెలీదే, గుంటా. ఆడికి తెలుసు గదా" అన్నాడు.

తాతయ్య పోయి చాలాకాలమైంది. నేను జడ్జీని కాను, పదో తరగతితో ఆగిపోయినదాన్ని. కానీ నాకు కోపం తొందరగా వస్తుంది, నోరు కూడా పెద్దదే, ఈ విషయం మా వీధంతా ఒప్పుకుంటుంది. తోటికోడలితో గానీ, మా మహిళా సంఘంలో ఎవరితో గానీ మాటామాటా వస్తే, ఇంటికి వచ్చి తలుపు దగ్గరగా వేసుకుంటాను. వాళ్లు నా గురించి చెప్పుకుంటున్న మాటను నేను అని మొదలుపెట్టి, నాకే జరిగినట్టు, పైకే అంటాను. చాలాసార్లు చివరిదాకా గడగడా వచ్చేస్తుంది. అప్పుడు కొంగు బిగించి మళ్లీ వెళ్తాను, పోట్లాటకు. ఒక్కోసారి మాత్రం నేను వాళ్లను అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగిపోతుంది. రెండోసారి మొదలుపెట్టినా అక్కడే ఆగుతుంది. అలాంటి రోజున బయటికి వెళ్లను. పొయ్యి ముందు కూర్చుని, ఆ మాట నోటి వెంట వచ్చేదాకా అంటూనే ఉంటాను.