కొండ మీద మిగిలిన ఆరేళ్ళ పిల్ల

పక్క గదిలో గ్లాసు కిందపడినా నా చెల్లెలు ఉలిక్కిపడి "నేను కాదు" అంటుంది. దానికి అరవై ఏడేళ్ళు. ఆత్మకూరులో కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. పోయిన వేసవిలో మనవరాలు కూడా అచ్చం అలాగే ఉలిక్కిపడి ఆ మాటే అనడం విన్నది. ఆ తర్వాతి శనివారమే నెల్లూరు బస్సెక్కి కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళింది. పదకొండు శనివారాలు వెళ్ళింది, ఒక్కటీ మానలేదు. చిన్నప్పటి తను ఎదురుగా ఖాళీ కుర్చీలో కూర్చున్నట్టు ఊహించుకుని మాట్లాడటమే అక్కడి వైద్యం.

ఫోనులో చెప్తే నవ్వాను.

"ఈ వయసులో పసిపిల్ల ఏందిమే?"

"ఆ పిల్ల ఇంకా కొండ మీదే ఉండాది అక్కా. నువ్వొచ్చి దిగమని చెప్పాల."

ఏ కొండో నాకు తెలుసు. ఉదయగిరి దగ్గర మాకు గొర్రెల మంద ఉండేది. చిన్న గొర్రెపిల్లలను ఇంటి వెనక కొండ మొదట్లో మేపే పని చెల్లెలిది. పొద్దుగూకి అన్నీ దొడ్డిలోకి దూరేటప్పుడు లెక్కపెట్టే పని నాది. అప్పుడు దానికి ఆరేళ్ళు, నాకు పది. ఆ రోజు నలభై రెండుకు నలభై ఒకటే వచ్చాయని నాయనకు చెప్పాను. కుంటుతున్న గొర్రెపిల్లనొకదాన్ని అమ్మ పొద్దున్నే గంప కింద మూసిపెట్టిన సంగతి మరిచాను. నాయన చెల్లెలిని బరికెతో కొట్టి, వెతుక్కురమ్మని ఒంటరిగా కొండకు తోలాడు. కాసేపటికే గంప కింద గొర్రెపిల్ల అరిచింది. విన్నాను. నోరు మెదపలేదు. చీకటి పడ్డాక పాలు తాపడానికి అమ్మ గంప ఎత్తింది. అప్పుడు నాయన పరుగెత్తి చెల్లెలిని తెచ్చాడు. తప్పు నీది కాదని మాత్రం దానితో ఎవరూ అనలేదు.

గురువారం ఆత్మకూరు వెళ్ళాను. చెల్లెలు వరండాలో మనవరాలి ప్లాస్టిక్ కుర్చీ వేసింది.

"నాతో కాదు, దాంతో చెప్పు."

ఖాళీ కుర్చీ ముందు సిగ్గేసింది. లెక్క తప్పానని ఎవరి దగ్గరా ఒప్పుకున్నదాన్ని కాను. చెల్లెలు మాత్రం మోకాళ్ళ నొప్పితోనే కుర్చీ ఎదుట నేల మీద చతికిలబడింది. ఇన్నేళ్ళు ఎవరినీ ఒక్క మాట అనకుండా, తన గాయం తనే మాన్పుకోవాలని బయల్దేరిన మనిషి. ఆ ధైర్యంలో పిసరంత కూడా నాకు లేదు. అయినా చెప్పాను.

"తప్పు నీది కాదమ్మా. నేను లెక్క తప్పినాను. గంప కింద అరుస్తా ఉంటే విన్నాను కూడా."

ఈ చివరి మాట దానికి తెలియదు. చప్పున నా వైపు తిరిగింది.

"ఇని కూడా చెప్పలేదా?"

"చెప్తే నాయన నన్ను కొడతాడని."

అది కళ్ళు మూసుకుంది. వెళ్ళిపొమ్మంటుందనుకున్నాను. అంటే పోవడానికి సిద్ధపడే ఉన్నాను. అది మెల్లగా గోడ పట్టుకుని లేచి, లోపలి నుంచి ఒక పీట తెచ్చి ఆ కుర్చీ పక్కనే వేసింది.

"అప్పటికి నీకూ పదేళ్ళే గదక్కా. ఆ పిల్లను కూడా రమ్మను. ఇద్దరూ భయపడినోళ్ళే."