దొరగారి గుండిగ, మా పెద్దమ్మ చింతపండు

ఆ రోజుల్లో హోటలు గది నచ్చకపోతే నచ్చలేదని మేనేజరు మొహం మీదే చెప్పేవాళ్లం. ఇప్పుడు అందరూ నవ్వుతూ తాళం అప్పగించి, ఇంటికొచ్చి సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఫోనులో ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి పగ తీర్చుకుంటున్నారు. నాకిది ఉత్త పిరికితనంగా కనిపిస్తుంది. పోట్లాట అనేది ఎదురుగా నిలబడి చెయ్యాలి. అవతలివాళ్లకూ మాట్లాడే అవకాశం ఇవ్వాలి. (ఇది రాస్తుంటే భుజం మీదుగా చదివి, "నువ్వెప్పుడిచ్చావు?" అంటున్నారు మావారు. ఆయన సంగతి నేను తర్వాత చూసుకుంటాను.) చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో నన్ను చూడగానే కొత్తిమీర కట్టలు వాటంతట అవే పెద్దవవుతాయని మా వీధిలో ఒక మాట ఉంది. అటువంటి నేను, గెలిచే వాదన ఒకటి చేతికి దొరికినా నోరు మూసుకుని నిలబడిన సందర్భం ఈ జన్మలో ఒక్కటే ఉంది. అది జరిగింది ఒక కొండ వాలు మీద, నూరేళ్ల నాటి దొరల బంగళాలో, మూడో నంబరు గదిలో.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. ఇల్లు చిక్కడపల్లి, ఉద్యోగం నారాయణగూడలో ఒక యాత్రల ఆఫీసు. ఆఫీసంటే ఒక కిరాయి గది, రెండు బల్లలు, గోడకు మంచుకొండల క్యాలెండరు, ఒక ఫోను, ఫోను పక్కన మా సారు. చరిత్రలో ఎం.ఏ. చేశాను కదా, యాత్రికులకు అక్కరకొస్తుందని ఆరు నెలల ప్రొబేషన్ మీద తీసుకున్నారు. ఐదో నెల గడిచేసరికి నా మీద మూడు ఫిర్యాదులు. ఒకటి, అశోక్‌నగర్‌లో పోటీపరీక్షలకు చదివే కుర్రాడితో ఒక కోటను ఎవరు కట్టించారన్న సంగతి మీద నలభై నిమిషాలు వాదించి, టికెట్టు కొనకుండానే పంపేశాను (నేను చెప్పిందే కరెక్టు). రెండు, గాంధీనగర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయనతో, మీ మోకాళ్లతో ఆ గుడి మెట్లు ఎక్కలేరు అన్నాను (అదీ కరెక్టే. పక్క ఆఫీసు ద్వారా వెళ్లి సగంలో దిగొచ్చారు). మూడోది చేసింది సాక్షాత్తూ మా సారే. ఇక ఇంట్లో చూస్తే, ఈ ఉద్యోగం పర్మనెంటు కాకపోతే నన్ను బి.ఎడ్.లో చేర్పించాలని నాన్న అప్లికేషన్ ఫారం తెచ్చి టీవీ మీద పెట్టారు. టీచరుద్యోగం అంటే నాకు గౌరవమే. కానీ ఎదురు చెప్పకుండా చేతులు కట్టుకుని వినే పిల్లలతో ముప్పై ఏళ్లు ఎలా బతకను?

ఒకరోజు మా సారు నడుం పట్టుకుని కుర్చీలో కూర్చుంటూ పిలిచారు. "చూడమ్మా, నువ్వు చెప్పేది రైటే ఉంటది. నాకు గదే పరేషాన్. సీమ దిక్కు కొండ మీద పాత దొరల బంగళా ఒకటి ఉంది. మన గుంపులకు నెలకు నాలుగు రూములిస్తనని ఆ మేనేజరు సంతకం పెట్టాలె. నేనే పోదామనుకున్న, నడుం పట్టింది. నువ్వు పోయి రెండు రోజులు ఉండు, సంతకం పట్కరా. నీ నౌకరీ పక్కా."

"అలాగే సార్," అన్నాను.

"ఆగు, నేను చెప్పుడు కాలేదు. గాయన జర తిక్క మనిషి. ఆ బంగళాను ఏమన్న అంటే ఊకోడు. అక్కడ నువ్వు నోరు తెరిచినవనుకో, బస్సు దిగి సీదా ఇంటికి పో. ఇటు రాకు."

ఒంటరిగా కొండ ఎక్కడానికి అమ్మ ఒప్పుకోలేదు. నాకు తోడుగా అడిక్‌మెట్ నుంచి పెద్దమ్మను పిలిపించింది. మా పెద్దమ్మ ఎక్కడికి వెళ్లినా వంటిల్లు వెంట తీసుకెళ్లే మనిషి. ఆ ప్రయాణానికి రెండు బట్టల సంచులు, మూడు తిండి సంచులు అయ్యాయి. ఆవకాయ, కందిపొడి, నీళ్లు కాచుకునే హీటరు కడ్డీ, సొంత చెంబు, ఒక వీశెడు చింతపండు. చింతపండెందుకు పెద్దమ్మా అంటే, "కొండ నీళ్లు పడక జలుబు చేస్తే చారు ఎవడు పెడతాడే నీకు, దొర పెడతాడా?" అంది. బెజవాడ నుంచి కాపురానికి వచ్చి నలభై ఏళ్లయినా హైదరాబాదు నీళ్లనే ఆవిడ ఇంకా పూర్తిగా నమ్మలేదు, కొత్త కొండను ఎలా నమ్ముతుంది?

బంగళా మాత్రం నిజంగా అందంగా ఉంది. వాలు మీద పెంకుల కప్పు, చుట్టూ వరండా, గదిలో నాలుగు స్తంభాల మంచం, ఆ మంచం ఎక్కడానికి ఒక చిన్న నిచ్చెన. మేనేజరు ఎండలోనూ మంకీ టోపీ తియ్యని సన్నటి మనిషి. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. మా ఆఫీసు మీద గౌరవం కొద్దీ మాకు మూడో నంబరు, అంటే స్వయానా దొర పడుకున్న గది ఇచ్చాడు. ఆ గౌరవం ఎంత ప్రమాదమో సాయంత్రం ఐదింటికి తెలిసింది. ఆ బంగళాలో రోజూ ఐదింటికి మేనేజరు అతిథులందరినీ వెంటబెట్టుకుని చరిత్ర చూపిస్తాడు. చరిత్ర అంతా మా గదిలోనే ఉంది! తలుపు తట్టాడు, మేం తీసేలోపే అరడజను మంది లోపలికొచ్చేశారు. అప్పుడు దొరగారి మంచం స్తంభాల్లో రెండింటికి కట్టిన తాడు మీద మా పెద్దమ్మ తడి చీర ఆరుతోంది. నిచ్చెన మెట్ల మీద వడియాల్లా వరసగా మా రుమాళ్లు.

మేనేజరు చీరను చూడనట్టే నటించి, దాని కింద నుంచి వంగి అవతలికి వెళ్లి, స్నానాలగది పక్కన మూడుకాళ్ల పీట దగ్గర ఆగాడు. పీట మీద ఒక పెద్ద గుండిగ. బొగ్గులా నల్లగా ఉంది. దాని ముందు చిన్న అట్ట: తాకరాదు, తుడవరాదు. "ఇది దొర స్నానం చేసిన పాత్ర. లండన్ నుంచి ఓడలో మద్రాసుకొచ్చె, ఆడ్నించి ఎద్దులబండిలో కొండకొచ్చె. ఈ నలుపు చూడండి. నూరేండ్ల నలుపు ఇది! ఎవురూ ముట్టుకోగాకండి," అన్నాడు. కర్నూలు నుంచి వచ్చిన ఒక రిటైరైన హెడ్మాస్టరు ప్రతి మాటా నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. "లండన్ నుంచి అంటే రాగిదా, ఇత్తడిదాండీ?" అని అడిగి మరీ రాసుకున్నాడు.

నా ఎం.ఏ. చెవిలో కేకలు పెట్టింది. ఆ మూతి, ఆ మెడ, ఆ బొజ్జ చూస్తే ప్రపంచంలో ఏ తెలుగు పిల్లయినా అది గుండిగ అని కళ్లు మూసుకుని చెబుతుంది. లండన్‌లో దొరలు గుండిగలో పప్పు వండుకుంటారా? నాలుక పళ్ల మధ్య పెట్టి నొక్కాను. నేనైతే ఆగాను గానీ పెద్దమ్మ ఆగలేదు. "లండనా! మా పెళ్లికి మా మేనమామ ఇచ్చిన గుండిగ అచ్చం ఇలాగే ఉంటుంది నాయనా," అంది. నేను ఆవిడ కాలు తొక్కాను. "మీ మాదిరిది కాదమ్మా, దీని లోహమే వేరే," అన్నాడు మేనేజరు, మంకీ టోపీ సర్దుకుంటూ. "అవునండీ, లోహమే వేరు," అన్నాను నేను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. వెళ్తూ వెళ్తూ మేనేజరు నా వైపు మెచ్చుకోలుగా చూసి, "కాగితం రేప్పొద్దున ఎనిమిదికి తెస్తానమ్మా, సంతకం చేసేస్తా," అన్నాడు. తలుపు వేశాక పెద్దమ్మ కాలు రుద్దుకుంటూ, "తోమడానికి బద్ధకమై నూరేళ్ల నలుపట! మా ఇంట్లో పనిమనిషి ఈ మాటంటే ఒప్పుకుంటానా?" అని, పడుకునేదాకా ఆ గుండిగనే చూస్తూ ఉంది. నేను అప్పుడే జాగ్రత్త పడాల్సింది.

తెల్లారాక సంతోషం పట్టలేక ఒక్కదాన్నే కొండదారిలో తిరిగి, ఏడున్నరకు వచ్చాను. స్నానాలగదిలోంచి బరబరమని చప్పుడు. పెద్దమ్మ చీర కుచ్చెళ్లు పైకి దోపి, పీట వేసుకుని, కాళ్ల మధ్య గుండిగ పెట్టుకుని చింతపండుతో తోముతోంది. "చూశావుటే, దరిద్రం ఎలా వదిలిందో! మళ్లీ పీట మీద పెట్టేస్తే పాపం ఆయనే సంతోషిస్తాడు," అంది. గుండిగ బంగారంలా ధగధగమంటోంది. నా గుండె జారి అందులోనే పడింది. సంతకం పోయింది, ఉద్యోగం పోయింది, టీవీ మీది ఫారం కళ్ల ముందు రెపరెపలాడింది. కనీసం తుడిచి వెనక్కి తిప్పి పెడదామని ఎత్తాను కదా, మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు కనిపించాయి. (పెద్దమ్మకు కళ్లజోడు లేనిదే అన్నంలో రాయి కూడా కనిపించదు కనుక ఆవిడ చూడలేదు.) తెలుగు అక్షరాలు! "చి.ల.సౌ." అని ఉంది, తర్వాత ఒకమ్మాయి పేరు ఉంది (ఆవిడ మనవరాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటారేమోనని పేరు రాయడం లేదు), ఆపైన "వివాహమునకు మేనమామ గారి చదివింపు, సుల్తాన్ బజార్, హైదరాబాదు" అని ఉంది.

ఎం.ఏ. ఫలితాలొచ్చిన రోజున కూడా నేనంత ఆనందపడలేదు. లండనూ, ఓడా, మద్రాసూ అన్నీ ఒక్క దెబ్బతో మునిగిపోయాయి. ఈ గుండిగ పుట్టింది మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో! మొదట ఏం చెప్పాలి, తర్వాత ఏం చెప్పాలి, ఎక్కడ ఆగి అందరి మొహాలూ చూడాలి, మొత్తం ఉపన్యాసం తయారైపోయింది. అంతలో తలుపు తీసుకుని మేనేజరు వచ్చాడు. చేతిలో సంతకం చెయ్యాల్సిన కాగితం. వెనకాల నోటుబుక్కు మాస్టారూ, ఆయన భార్యా, ఒక కెమెరా. ఊరికి బయల్దేరే ముందు గుండిగతో ఫొటో దిగుదామని వచ్చారట. నేను ఏం చెయ్యాలో తోచక, అక్షరాల వైపు నా కడుపుకు తిప్పుకుని తడి గుండిగను కావలించుకున్నాను.

"అయ్యయ్యో! ఏం చేసినారమ్మా! నూరేండ్ల నలుపు! పొద్దన్నే తోమేస్తిరే!" అని మేనేజరు నెత్తి పట్టుకున్నాడు.

"నూరేళ్లుగా ఎవరూ తోమకపోతే మీ తప్పు గానీ మా తప్పా?" అంది పెద్దమ్మ, చింతపండు చెయ్యి ఊపుతూ.

"అట్ట మీద రాసిపెట్టినా కదమ్మా, తుడవరాదని!"

"తుడవలేదుగా. తోమాను."

"మీ సారుకు ఇప్పుడే ఫోన్ చేస్తా! ఈ కాగితం చించేస్తా!"

హెడ్మాస్టరు మాత్రం ముచ్చటపడిపోతున్నాడు. "ఎంత కాంతి అండీ! ఇటు తిప్పమ్మా. లండన్ కంపెనీ ముద్ర ఏదైనా బయటపడిందేమో రాసుకుంటాను."

నా ఉపన్యాసం పెదవుల దాకా వచ్చింది. గుండిగను ఒక్క బెత్తెడు తిప్పితే చాలు, మిగతాది మాస్టారే బడిపిల్లలకు వినిపించినట్టు బిగ్గరగా చదివిపెడతాడు. అప్పుడు మేనేజరు మొహం చూశాను. చిరగబోయిన కాగితం ఆయన చేతుల్లోనే ఆగిపోయింది. కళ్లు గుండిగ మెరుపు మీద లేవు, నా కడుపుకు ఆనుకున్న చోటనే ఉన్నాయి. అక్కడ ఏముందో ఆయనకు తెలుసు! మంకీ టోపీ కింద చెమట కారుతోంది. నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. ఆయనకూ అదే గుర్తొస్తోందని అర్థమైంది.

"క్షమించండి. తప్పు మాదే," అన్నాను.

పెద్దమ్మ తోముడు చెయ్యి అలాగే తెచ్చి నా నుదుటి మీద పెట్టింది. "ఏమే, జ్వరమా? నువ్వు క్షమించమనడమేంటే?" చింతపండు పులుసు కంట్లోకి కారింది. మాస్టారు ఇంకో అడుగు ముందుకేశాడు. "దగ్గరికి రాకండి మాస్టారూ, పులుసు కారుతోంది, కెమెరా పాడైపోతుంది," అంటూ ఒంటి కన్నుతో, గుండిగతో సహా వెనక్కి వెనక్కి నడిచి స్నానాలగదిలో దూరి తలుపేసుకున్నాను. బయట మేనేజరు గొంతు, "మాస్టారూ, మీ బస్సు! పోతే సాయంత్రం దాకా ఇంకోటి లేదు!"

కాసేపటికి ఒక్కడే వచ్చి తలుపు తట్టాడు. "చదివినావా?" అన్నాడు మెల్లగా.

"చదివాను."

"మరి చెప్పలేదే?"

"సంతకం కావాలండీ," అన్నాను తలుపు తీస్తూ. అబద్ధం ఎందుకు?

ఆయన దొరగారి నిచ్చెన మీద, మా రుమాళ్ల పక్కన కూలబడ్డాడు. దొరది అసలు పాత్ర ఏదో ఉండేదట, ఈయన చేరేనాటికే మాయమైందట. ఈయనే పాత సామాన్లవాడి దగ్గర దీన్ని కొని తెచ్చి, వంటింటి పొగలో పెట్టి నల్లబరిచాడట. "ఏడు నెలలు పట్టెనమ్మా," అన్నాడు.

"నూరేళ్లు ఏడు నెలల్లోనా!" అన్నాను, ఆగలేక. అది ఒక్కటే జారింది. ఆయన నవ్వాడు. మోకాలి మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. చేసి, కింద ఇంకో ముక్క రాశాడు: ఉగాది దాటినాకే గుంపులను పంపవలెను. "మళ్లా నల్లబడాల కదా," అన్నాడు.

సారు కాగితం చూసి, "ఉగాది దాక ఎందుకంట?" అన్నారు. తెలియదన్నాను. "మేనేజరు ఫోన్ చేసిండు. మీ పిల్ల ఎంత నెమ్మది అన్నడు. రాంగ్ నంబర్ అనుకున్న!" అని పర్మనెంటు చేశారు. టీవీ మీది ఫారంలో అమ్మ కరివేపాకు పొట్లం కట్టింది. ఆ తర్వాత ఏడేళ్లు గుంపులను తీసుకుని ఆ కొండకు వెళ్లాను. ఐదింటికి మేనేజరు, ఓడ, ఎద్దులబండి అన్నీ చెబుతుంటే వెనక నిలబడి తలూపేదాన్ని. ఒకసారి అశోక్‌నగర్ హాస్టలు పిల్ల ఒకతి నా చెవిలో, "అక్కా, లండన్‌ల గిట్ల గుండిగలు చేస్తరా?" అని గుసగుసలాడింది. "పరీక్షలో రాదులే, విను," అన్నాను.

ఇప్పుడు మా పెద్దమ్మ లేదు, మేనేజరు ఎక్కడున్నాడో తెలియదు. ఈ పాతికేళ్లలో నేను గెలిచిన వాదనలకు లెక్కలేదు. వాటిలో నిన్న కరెంటాఫీసులో గెలిచినది తప్ప ఒక్కటీ గుర్తులేదు. కానీ అప్పుడప్పుడు, ఎవరి మాటకో సగంలో అడ్డుపడి గెలిచి ఇంటికొచ్చాక, తడిసిన చున్నీతో, మూసిన ఒక కన్నుతో, నిజాన్ని రెండు చేతులా కడుపుకు హత్తుకుని వెనక్కి నడిచే ఆ ఇరవై మూడేళ్ల పిల్ల కళ్ల ముందుకొస్తుంది. దానికి ఆ ఒక్కపూటా నోరు మూసుకోవడం వచ్చింది. ఎలా వచ్చిందో అడిగి నేర్చుకుందామని నాకెంతో కోరిక. కానీ ఎదురుపడితే మా ఇద్దరికీ పోట్లాట తప్పదు.