తోక లేని ఏనుగుకు గణిత నిరూపణ

లెక్కల ఉపాధ్యాయునిగా పదవీ విరమణ చేసిన తరువాత నేను కంప్యూటరు నేర్చుకున్నాను. ఏ పనినైనా తప్పుకు తావులేని మెట్లుగా విడదీసి, ఆ మెట్లు సరియైనవని గణితంతో నిరూపించి, పిమ్మటనే యంత్రానికి అప్పగించాలి. ఆ మెట్ల వరుసనే అల్గారిథమ్ అంటారు. చిట్యాల దగ్గరి మా ఊరిలో ఈ మాటలు వినే ఓపిక మా తమ్ముని భార్యకు మాత్రమే ఉండేది. చేతులు పనిలో ఉండేవి కనుక ఆమె లేచి వెళ్లలేకపోయేది.

మగ్గానికి ఎక్కకముందే నూలుకు రంగులు అద్దడం ఆమె పని. నూలు కట్టను మధ్యకు మడిచి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలు బిగిస్తుంది. ఒక సగానికి కడితే చాలు. విప్పినప్పుడు రెండవ సగం దానంతటదే వస్తుంది. ఇన్నేళ్లూ ఇతరుల నమూనాలే కట్టిన ఆమె, తొలిసారి సొంతంగా ఒక ఏనుగును గీసింది. చేనేత సంఘం ఒప్పుకుంటే నమూనాల పుస్తకంలో ఆమె పేరు ఎక్కుతుంది.

ఆమె నూలుపై పూల నమూనాలు కట్టే తీరును వారం రోజులు పరిశీలించి, సూత్రాలు రాసి, ఏనుగు గీసిన గ్రాఫు కాగితంలోని గడులన్నీ కంప్యూటరుకు ఎక్కించి, కట్ల పట్టికను అచ్చు తీసి ఇచ్చాను. మొదటి ఆజ్ఞ: నూలును మధ్యకు మడవవలెను.

“బావా, ఏనుగును గూడ మడుస్తరా?”

“నిరూపణ రెండు పుటలు ఉంది. చదువుకో.”

“నాకెందుకు తియ్యిండ్రి. మీరు చెప్పినంక కాదంటనా?”

గుడ్డ నేసి చూస్తే ఏనుగుకు ఇటొక తొండం, అటొక తొండం. తోక లేదు.

మా తమ్ముడు మగ్గం గుంటలోంచి లేవకుండానే అడిగాడు: “అన్నా, గిది ముంగటికి పోతాందా, ఎనకకు పోతాందా?”

మరొకటి నేసే వ్యవధి లేదు. మరునాడే సంఘానికి చూపించాలి; ఆమెతో నేనూ వెళ్లాను. అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకొని, “తోకేదమ్మా?” అన్నాడు.

“మా బావ లెక్కల వోయింది సార్.”

నేను లేచి, రెండు సగాలూ ఒకేలా ఉండని బొమ్మకు అవి ఒకటేనని ఊహించడమే దోషమని, ఆ దోషం పూర్తిగా నాదని, బొమ్మ మాత్రం ఆమెదని సవివరంగా నివేదించాను.

“జర కూసోండ్రి సార్. ఇంకో వారం టైమిస్తం,” అన్నాడాయన.

కొత్త అల్గారిథమ్‌లో మడవడానికి ముందే ఒక పరీక్ష చేర్చాను: రెండు సగాలూ ఒకటేనా? కాకుంటే మడవరాదు. ఆమె ఒక్కొక్క మెట్టు దగ్గరా నన్ను నిలదీసింది. “గిది పూలకా, ఏనుగుకా? చెప్పి ముంగటికి నడువుండ్రి.” నా ఉద్యోగకాలంలో ఏ విద్యాశాఖాధికారీ నన్ను ఇంత నిశితంగా తనిఖీ చేయలేదు.

రెండవ ఏనుగు తోకతో వచ్చింది. సంఘం గుమస్తా పుస్తకం తెరిచి, కలం నా వైపు చూపించాడు. “సార్ పేరు రాయాల్నా?”

“సార్‌ది మొదటి ఏనుగు,” అన్నది ఆమె. “గిది నాది.”