కొమ్ములు మొలవకుండా

నాటింగ్‌హామ్‌లో మా కింది ఫ్లాట్‌లో చెక్ దేశపు ఫుట్‌బాల్ ఆటగాడు ఒకడు ఉండేవాడు. ఆరడుగులకి పైనే ఉంటాడు. దగ్గర్లోని ఓ చిన్న క్లబ్బుకి ఆడేవాడు. కాలితో కొట్టిన గోల్స్ వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, మిగతావన్నీ తలతోనే. గాల్లోకి లేచి, వచ్చే బంతిని నుదుటితో వలలోకి పంపడం అతనికి తెలిసిన విద్య. దానిమీదే బతుకుతున్నాడు.

లండన్‌లో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, చలికాలంలో ఒక మ్యాచ్‌లో అతని తలా, ఎదుటి జట్టు డిఫెండర్ తలా గాల్లో ఢీకొన్నాయి. స్పృహ తప్పి పడిపోయాడు. స్కాన్‌లో ఏమీ లేదు. నెలన్నర తరవాత ఆడొచ్చన్నారు. ఆడాడు కూడా. కానీ బంతి పైనుంచి వస్తే చాలు, కళ్ళు మూసేసుకుని తల తిప్పేసుకునేవాడట. మే నెలతో కాంట్రాక్ట్ అయిపోతుంది. తలతో కొట్టలేని మనిషిని ఎవరు ఉంచుకుంటారు?

నేను ఎమర్జెన్సీ డాక్టర్నని తెలిసి, ఇదంతా మెట్ల మీద అతనే చెప్పాడు. "నొప్పి లేదు. భయం," అన్నాడు. భయానికి నా దగ్గర మందేముంది? పైకి వచ్చేశాను.

ఏప్రిల్‌లో అమ్మ కాకినాడ నుంచి వచ్చింది. ఓ శనివారం ఇద్దరం సంచులతో మెట్లెక్కుతుంటే అమ్మ సంచి తెగి ఉల్లిపాయలన్నీ కిందికి దొర్లాయి. అతను తలుపు తీసుకుని వచ్చి ఏరడానికి వంగాడు. అమ్మా వంగింది. ఇద్దరి తలలూ ఠంగుమన్నాయి.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అతని చెవులు రెండూ పట్టుకుంది. "ఉండు బాబూ, ఒక్కసారే తగిలితే కొమ్ములు మొలుస్తాయి," అంటూ ఇంకోసారి తగిలించింది!

"నీకేమైనా మతి పోయిందా అమ్మా? అసలే తలకి దెబ్బ తగిలిన మనిషి!"

"చాల్లేవే, బోడి డాక్టరువి! నీకూ అన్నయ్యకీ చిన్నప్పుడు ఎన్నిసార్లు కొట్టించలేదు? ఏం, పోయారా?"

అతను తల పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. కళ్ళు మసకబారుతున్నాయా, వాంతి వస్తోందా, ఇవాళ ఏ వారం అని వరసపెట్టి అడిగాను.

"శనివారం. ఈవిడ ఎందుకలా చేసింది?"

సిగ్గుతో చచ్చిపోతూ కొమ్ముల సంగతి చెప్పాను. అతను నన్ను చూశాడు, అమ్మని చూశాడు, మెట్లన్నీ దద్దరిల్లేలా నవ్వాడు. నవ్వు ఆగాక మాత్రం మెల్లగా అన్నాడు: "ఆ డిఫెండరూ నేనూ ఒక్కసారే కొట్టుకున్నాం."

అమ్మకి చెప్పాను. "మరదే! వెళ్ళి రెండోది కొట్టించుకోమను. మెల్లిగా!" అంది.

సీజన్‌లో ఆఖరి ఆట ఆ డిఫెండర్ జట్టుతోనే. అమ్మ వెళ్ళాల్సిందేనని పట్టుబట్టింది. ఆటకి ముందు ఆటగాళ్ళు చేతులు కలుపుతుంటే, మావాడు ఆ డిఫెండర్ దగ్గర ఆగి ఏదో చెప్పి తల వంచాడు. అతను వింతగా చూసి, నవ్వి, నుదురు ఆనించాడు. "హమ్మయ్య," అంది అమ్మ. ఇంకా ఆటే మొదలవలేదు.

గోల్ లేకుండానే ఆట చివరికొచ్చింది. మూలనుంచి బంతి పైకి లేచింది. మావాడు ఎగిరాడు. కళ్ళు మూసేస్తాడేమోనన్న భయంతో నేనే కళ్ళు మూసేసుకున్నాను. జనం ఒక్కసారిగా అరిచారు. అమ్మ నా తొడమీద ఒక్కటేసింది.

"కళ్ళు తెరవ్వే. వాడు తెరుచుకునే కొట్టాడు."

నాకు ఏడుపొచ్చేసింది. క్లబ్బు అతన్ని ఉంచుకుంది. ఇంకో మూడేళ్ళు ఆడాడు. ఎవరూ మానమనకుండా, తనకి చాలనిపించాక తానే మానేశాడు. ఫ్లాట్ ఖాళీ చేసి వెళ్ళేరోజు మా గుమ్మంలో నిలబడి, తల వంచి చూపించాడు.

"అమ్మకి చెప్పండి. ఏమీ మొలవలేదు."